ఇంటికి రెండు బ్యాట్రీలు ఉండాల



పోయిన వారం ఒక తమ్ముడు టార్చిలైటు ఫొటో ఒకటి పెట్టి, "9900 ఎంఏహెచ్ సెల్లంట, రెండు కిలోమీటర్లు కొడతాదంట, కొనచ్చా అన్నా?" అని అడిగినాడు. ఒకరు కొను అన్నారు, ఒకరు వద్దన్నారు, ఇంకొకరు "ఫోన్లో లైటు ఉండగా ఇదెందుకురా" అని నవ్వినారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మనం ఎంతెంత పొడుగు రాసుకుంటామో, బ్యాట్రీ లైటు గురించి కూడా అంత పొడుగు రాసుకోవాల్సిన వాళ్లం మనం. అందుకే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాది ఆళ్లగడ్డ వైపు, నల్లమల అంచున ఉండే ఒక చెంచుగూడెం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు నంద్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. నంద్యాలకు, ఆళ్లగడ్డకు మధ్య 40 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పగలు బస్సెక్కితే గంట పని. రేతిరి వేళ మాత్రం ఆ రెండూ వేరే వేరే లోకాలు. నంద్యాల గాంధీ చౌక్‌లో రాత్రి పదింటికి కూడా కింద పడిన రూపాయి బిళ్ల కనిపిస్తుంది. మా గూడెంలో ఏడు దాటితే నా కాళ్లు నాకే కనిపించవు. పట్నపోళ్లకు టార్చి అంటే కరెంటు పోయినప్పుడు అరమరలో వెతుక్కునే వస్తువు. మనకు అది చెప్పుల జత లాంటిది. అది లేకుండా గడప దాటడం కుదరదు.

నా అభిప్రాయం మూడు ముక్కల్లో ముందే చెప్పేస్తా. ఒకటి, ఇంటికి ఒక లైటు చాలదు, రెండు ఉండాల, ఆ రెండోది ఇంట్లో ఆడోళ్ల చేతిలో ఉండాల. రెండు, ఎంత దూరం కొడుతుంది అనేదానికంటే ఎన్నేళ్లు పనిచేస్తుంది, పాడైతే మన ఊర్లో బాగవుతుందా అనేది ముందు చూడాల. మూడు, హాస్టల్ పిల్లోళ్లకు ట్రంకుపెట్టె, దుప్పటి ఇచ్చినట్టే మంచి టార్చి కూడా ఇవ్వమని మనం అడగాల. ఇప్పుడు ఒక్కోటి వివరంగా చెప్తా.

చీకట్లో పోయే ప్రాణాలు

మన పెద్దోళ్లు రేతిరి పూట పాము పేరు ఎత్తరు. "పురుగు" అంటారు. "పురుగు ముట్టింది" అంటే అందరికీ అర్థమవుతుంది. పేరు మార్చి పిలిచినంత మాత్రాన అది తక్కువేమీ కాలేదు. 2020లో ఈలైఫ్ అనే పరిశోధన పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. దాదాపు అందరూ పల్లెల్లోని వాళ్లే. ఈ చావుల్లో ఎక్కువ భాగం 8 రాష్ట్రాల్లోనే జరిగాయని అందులో ఉంది. ఆ ఎనిమిదిలో తెలంగాణతో కలిపి లెక్కేసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల జబ్బుల జాబితాలో చేర్చింది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 2030కల్లా పాముకాటు మరణాలను సగానికి తగ్గిస్తామని ఒక జాతీయ ప్రణాళిక ప్రకటించింది.

ఆ ప్రణాళికల్లో మందుల మాట, ఆసుపత్రుల మాట ఉంటుంది, ఉండాల్సిందే. కానీ కాటు పడకముందు మన చేతిలో ఉండేది ఒక్క లైటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగే మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి. రక్తపింజర ఎండుటాకుల్లో ఆకులాగే పడుకుంటుంది. మనిషి వస్తే జరిగిపోదు, అక్కడే ఉండి బుస కొడుతుంది. తొక్కితే కరుస్తుంది. కట్లపాము ఇంకో రకం. రాత్రి కింద పడుకున్నోళ్ల పక్కల్లోకి వస్తుంది, కరిచిన చోట నొప్పి, వాపు పెద్దగా ఉండవు, అందుకే చాలామందికి కాటు పడిందని తెల్లారేదాకా తెలియదు. పడుకునే ముందు చాప ఎత్తి, దుప్పటి విదిలించి, మూలలకు లైటు కొట్టి చూసుకోవడం ఒక నిమిషం పని. బాటలో నడిచేటప్పుడు ముందు అడుగు పడే చోట వెలుగు ఉండటం ఇంకో పని. ఈ రెండు పనులకూ రెండు కిలోమీటర్లు కొట్టే లైటు అక్కర్లేదు. పది అడుగులు బాగా చూపించేది, నడిమధ్యలో ఆరిపోనిది కావాల.

పట్టుకోవడంలో కూడా ఒక కిటుకు ఉంది. లైటును భుజం ఎత్తులో పట్టుకుంటే నేలంతా చదునుగా కనిపిస్తుంది. నడుము కిందికి దించి, ఏటవాలుగా ముందుకు కొడితే రాయికైనా, కట్టెకైనా, పురుగుకైనా పొడుగాటి నీడ పడుతుంది. ఆ నీడే మనల్ని ఆపుతుంది. తలకు కట్టుకునే లైట్లు చేతులు ఖాళీగా ఉండే పనికి మంచివే, కానీ వాటి వెలుగు కంటి పక్కనుంచే పోతుంది కాబట్టి నీడలు సరిగ్గా కనిపించవు. నడకకు చేతి లైటే మేలు.

ఫోన్ లైటు ఉంది కదా అనేవాళ్లకు

ఫోన్ లైటు గదిలో పడిపోయిన చెవి కమ్మ వెతకడానికి సరిపోతుంది. దాని వెలుగు చుట్టూ చెదిరిపోతుంది, ముందుకు పోదు. వానలో పట్టుకోలేం. చెయ్యి జారితే ఫోనూ పోతుంది, లైటూ పోతుంది. అన్నిటికన్నా పెద్ద విషయం, ఎవరికైనా ఏదైనా జరిగితే 108కి చేయాల్సింది ఆ ఫోన్‌తోనే. మా గూడెంలో సిగ్నల్ కోసం ఒక గట్టెక్కాల. గట్టెక్కేదాకా లైటుకే చార్జింగ్ అంతా అయిపోతే, ఎక్కినాక ఫోన్ చేసేది దేంతో? లైటు వేరు, ఫోను వేరు. ఒకదాని పని ఇంకోదానికి అప్పజెప్పొద్దు.

లైటు ఎవరి చేతిలో ఉంది?

ఇది మన గ్రూపులో ఎవరూ మాట్లాడని సంగతి. మన ఇండ్లలో లైటు ఒకటే ఉంటుంది. అది నాయనతోనో అన్నతోనో పోతుంది. చేలో అడవిపందులకు కావలికి పోయినా, కౌలు మడికి నీళ్లు కట్టను పోయినా, తేనెకు పోయినా లైటు వాళ్లతోనే. తప్పని అనను, వాళ్ల పని అట్లాంటిది. కానీ ఆ రేతిరి ఇంట్లో మిగిలిన అమ్మ, అవ్వ, చెల్లెళ్లు బయటికి పోవాల్సి వస్తే? మరుగుదొడ్డి కట్టినారు గానీ నీళ్లు లేక వాడని ఇండ్లు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. నేను చిన్నప్పుడు చదివిన ఒక స్కూల్లో మరుగుదొడ్లు పడుకునే గదికి దూరంగా ఉండేవి. రాత్రి ఒక పిల్లకు అవసరమైతే నలుగురం లేచి, ఒకే లైటు పట్టుకుని, ఒకరి జడ ఒకరు పట్టుకున్నట్టు వరసగా పోయేవాళ్లం. ఆ లైటు చార్జింగ్ లేకపోతే తెల్లారేదాకా ఓర్చుకునేవాళ్లం. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే తాగడం మానేసిన పిల్లలు నాకు తెలుసు. ఆడపిల్లల ఆరోగ్యం గురించి మీటింగులు పెట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి ఎప్పుడూ అడగలేదు.

అందుకే అంటున్నా, రెండో లైటు సోకు కోసం కాదు. మొదటిది ఇంట్లో నుంచి పోయినప్పుడు ఇల్లు చీకట్లో ఉండకూడదని.

అట్టపెట్టె మీద రాసింది ఎట్లా చదవాల

ఇప్పుడు తమ్ముడు అడిగిన ప్రశ్నకు వస్తా.

మొదట "9900 ఎంఏహెచ్". చార్జింగ్ లైట్లలో ఎక్కువగా వచ్చే సెల్లును 18650 అంటారు. ఆ అంకె అర్థం 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు. అంత డబ్బాలో పట్టే కరెంటుకు ఒక హద్దు ఉంది. పేరున్న కంపెనీల మంచి సెల్లు కూడా 3500 ఎంఏహెచ్ దగ్గరే ఉంటుంది, మహా అయితే కాస్త పైన. ఆ సైజు సెల్లు మీద 9900 అని రాసి ఉంటే అది అబద్ధం. ఇంకేమీ చూడకుండా పక్కన పెట్టేయొచ్చు. ఇంకో పరీక్ష, తూకం. అసలు సెల్లు 45 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. చాలా తేలిగ్గా ఉంటే లోపల సరుకు తక్కువని అర్థం. సెల్లు మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నెంబరు ఉన్నాయేమో చూడండి. లిథియం సెల్లులకు మన దేశంలో అది తప్పనిసరి.

రెండోది "రెండు కిలోమీటర్లు". టార్చిలైట్ల కొలతకు ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ఒకటి ఉంది. దాని ప్రకారం 'బీమ్ దూరం' అంటే ఆ దూరంలో పడే వెలుగు 0.25 లక్స్ ఉండాల. సుమారుగా పున్నమి వెన్నెల అంత. అంటే అట్ట మీద నిజంగానే 200 మీటర్లు అని ఉంటే, 200 మీటర్ల అవతల వెన్నెలంత వెలుగు పడుతుందని అర్థం. అక్కడున్నది ఎద్దో ఎలుగుబంటో తెలియాలంటే దాంట్లో సగం దూరమే లెక్క పెట్టుకోండి. ఇంకోటి, దూరం రెండింతలు కావాలంటే కాంతి తీవ్రత నాలుగింతలు కావాల. 200 మీటర్లకు 10,000 క్యాండెలా చాలు, రెండు కిలోమీటర్లకు 10 లక్షల క్యాండెలా కావాల. జేబులో పట్టే, సంతలో దొరికే లైటుకు అంత శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

మూడోది ల్యూమెన్లు, అంటే మొత్తం వెలుగు. ఇంట్లో, వాకిట్లో 20 నుంచి 50 చాలు. బాటలో నడకకు 100 చాలు. చేలో పంది ఎటు పోయిందో చూడ్డానికి 300 నుంచి 500. దానిపైన మనకు అవసరం తక్కువ. లెక్క చూడండి. 2500 ఎంఏహెచ్ సెల్లు 3.7 వోల్టుల దగ్గర సుమారు 9 వాట్-గంటలు ఇస్తుంది. మంచి ఎల్‌ఈడీ వాట్‌కు 100 ల్యూమెన్లు ఇచ్చిందనుకుంటే, 100 ల్యూమెన్ల మీద పెడితే రాత్రంతా వస్తుంది. 1000 ల్యూమెన్ల మీద పెడితే గంట కూడా రాదు. అందుకే తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని వేరే వేరే మోడ్‌లు ఉన్న లైటే కొనండి. తక్కువ మోడ్‌కు ఇంకో లాభం ఉంది. మన కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. పెద్ద లైటు ఒక్కసారి కొడితే ఆ అలవాటంతా పోతుంది. లైటు ఆపగానే గుడ్డోళ్లమవుతాం.

నాలుగోది "10 గంటలు పనిచేస్తుంది". ఆ ప్రమాణంలోనే ఒక మెలిక ఉంది. మొదటి వెలుగులో పదోవంతుకు తగ్గేదాకా పనిచేసినట్టే లెక్క. కాబట్టి మొదటి గంట బాగా వెలిగి, మిగతా తొమ్మిది గంటలు మిణుగురు పురుగులా ఉన్నా పది గంటలని రాయొచ్చు.

ఐదోది నీళ్లు. ఐపీఎక్స్4 అంటే చినుకులు, తుంపర్లు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీళ్లు పోవు. వాగులు దాటేవాళ్లకు ఐపీఎక్స్7 మేలు. మూత దగ్గర రబ్బరు వలయం ఉందో లేదో విప్పి చూడండి. అది ఎండిపోతే ఏ నెంబరూ పనిచేయదు.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. సెల్లు బయటికి తీయొచ్చా? అతికించేసిన లైటు సెల్లు చచ్చిన రోజే లైటూ చచ్చినట్టు. వెనక మూత తిప్పితే సెల్లు బయటికొచ్చేది, ఆ సెల్లు నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో దొరికేది కొనండి. అంగట్లో "దీని సెల్లు విడిగా ఉందా?" అని అడగండి. లేదంటే లైటు తిరిగి ఇచ్చేయండి.

చౌక లైటు ఎందుకు చస్తుంది

సంతలో 150, 200 రూపాయలకు వచ్చే రీచార్జి లైట్లలో చాలావాటిలో లోపల ఉండేది చిన్న సీసం బ్యాటరీ, 4 వోల్టులది. దానికి ఒక గుణం ఉంది. ఖాళీగా పెడితే చచ్చిపోతుంది. లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ చార్జింగ్ ఎక్కదు. మన హాస్టల్ పిల్లలు వేసవి సెలవులకు పోతూ లైటును ట్రంకుపెట్టెలో పెట్టి, వచ్చి చూస్తే వెలగనిది ఇందుకే. ఇప్పటికే అట్లాంటి లైటు ఉన్నోళ్లు నెలకొకసారి నిండుగా చార్జింగ్ పెట్టండి, కొన్నాళ్లు ఎక్కువ వస్తుంది.

దీంట్లో ఇంకో ప్రమాదం. వెనక రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే లైట్లలో చాలావాటికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడ కరెంటే నేరుగా లోపలికి వస్తుంది. చార్జింగ్‌లో ఉండగా తడి చేత్తో ముట్టుకోవద్దు, పగిలిన లైటును ప్లగ్గులో పెట్టొద్దు, పిల్లోళ్లకు అందనివ్వొద్దు. కొత్తది కొంటే యూఎస్‌బీ చార్జింగ్ ఉన్నదే కొనండి. ఫోన్ చార్జర్‌తో ఎక్కుతుంది, కరెంటు లేని చోట చిన్న సోలార్ పలకతో కూడా ఎక్కుతుంది.

లెక్క కూడా చూద్దాం. మా ఇంట్లో 200 రూపాయల లైటు ఆరు నెలలు వస్తే గొప్ప. ఏడాదికి రెండు, నాలుగేళ్లకు ఎనిమిది, మొత్తం 1600. సెల్లు మార్చుకోగల లైటు 1000 రూపాయలు, మధ్యలో ఒకసారి కొత్త సెల్లుకు 300 అనుకున్నా, నాలుగేళ్లకు 1300. పైగా ఆ నాలుగేళ్లూ వెలుగు ఉంటుంది. చౌక లైటుతో మధ్యలో చచ్చిన రోజులు, కొత్తది కొనేదాకా చీకట్లో గడిపిన రోజులు ఈ లెక్కలో రానే రావు. ఒకేసారి వెయ్యి రూపాయలు తీయలేకపోవడం వల్లే పేదోడు ఎక్కువ ఖర్చు పెడతాడు. ఇది మన ఆశ వల్ల కాదు, మన చేతిలో డబ్బు ఒకేసారి ఉండకపోవడం వల్ల. దీనికి మందు కింద రాస్తా.

ఉన్నదాన్నే బాగు చేసుకోవడం

అందరూ కొత్తది కొనాలని నేను చెప్పను. ఇంట్లో ఉన్నదాన్ని మార్చుకునే దారులు మూడున్నాయి.

ఒకటి. తాతల కాలం ఇత్తడి, స్టీలు లైట్లు పెద్ద సెల్లులతో ఇంకా కొన్ని ఇండ్లలో ఉన్నాయి. పారేయొద్దు. వాటి డొక్కు ఇప్పటి ప్లాస్టిక్ కంటే పదింతలు గట్టి. పాత ఫిలమెంట్ బల్బు తీసి, అదే పిడికి సరిపోయే ఎల్‌ఈడీ బల్బు వేయండి. రెండు సెల్లులైతే 3 వోల్టులది, మూడు సెల్లులైతే 4.5 వోల్టులది అడగండి. అవే సెల్లులు ఎన్నో రెట్లు ఎక్కువ గంటలు వస్తాయి. వాడనప్పుడు సెల్లులు బయటికి తీసి పెట్టండి, లేకపోతే కారి లోపల తుప్పు పట్టిస్తాయి.

రెండు. పెన్సిల్ సెల్లు లైట్లు వాడేవాళ్లు నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జి సెల్లులు కొనుక్కోవచ్చు. ఒక్కోటి 1.2 వోల్టులు, వందల సార్లు చార్జింగ్ పెట్టుకోవచ్చు. పెట్టెలో పెట్టినా నెలల తరబడి చార్జింగ్ నిలిచే రకం దొరుకుతుంది, అది అడగండి. అగ్గి భయం లిథియం కంటే చాలా తక్కువ. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నోళ్లకు, అవ్వ చేతికిచ్చే లైటుకు నేను ఇదే చెప్తా. అవసరమైతే ఊరి అంగట్లో దొరికే మామూలు సెల్లు కూడా అందులోనే పడుతుంది.

మూడు. సీసం బ్యాటరీ చచ్చిన లైటులో లిథియం సెల్లు వేయడం. ఇది చాలామంది చేస్తున్నారు, తప్పుగా చేస్తున్నారు. పాత చార్జింగ్ సర్క్యూట్ అట్లే ఉంచి లిథియం సెల్లు తగిలిస్తే అది ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. లిథియం సెల్లు 4.2 వోల్టుల దగ్గర చార్జింగ్ ఆగాల. దాటితే ఉబ్బుతుంది, అంటుకుంటుంది. పాత సర్క్యూట్ పూర్తిగా పీకేసి, ఆ గోడ పిన్నులు తీసేసి, టీపీ4056 అనే చిన్న చార్జింగ్ బోర్డు, అదీ రక్షణ సర్క్యూట్ ఉన్న రకం, వేయించాల. అది 5 వోల్టుల యూఎస్‌బీ మీద నడుస్తుంది, 4.2 దగ్గర తనే ఆపేస్తుంది. ఫోన్లు బాగుచేసే షాపులో సోల్డరింగ్ తెలిసిన ఎవరైనా చేయగలరు. తెలియకుండా ఇంట్లో చేయొద్దు. పాత ల్యాప్‌టాప్ సెల్లులు, తొడుగు చినిగినవి, ఉబ్బినవి వాడొద్దు. విడి సెల్లును తాళాలు, చిల్లరతో కలిపి జేబులో వేయొద్దు. రేకుల ఇంట్లో ఎండ తగిలే చోట పెట్టొద్దు.

ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ చదివే మన తమ్ముళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. మీ చేతిలో ఉన్న విద్య ఇది. గూడేనికొకరు నేర్చుకుంటే చాలు.

అడవిలో పెద్ద లైటు పెద్ద తలనొప్పి

అడవి అంచున ఉండేవాళ్లకు ఒక మాట. ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్న నల్లమల. రేతిరి పూట కళ్లు బైర్లు కమ్మే లైటు కొడితే వేటకొచ్చినారేమో అనే అనుమానం వస్తుంది. చెవులపిల్లి కళ్లల్లో లైటు కొట్టి నిలబెట్టి కొట్టే వేటగాళ్లు ఉన్నారు కాబట్టే ఆ అనుమానం. మనం పోయేది దారి కోసమైనా, చెప్పుకోవాల్సి వచ్చేది మనమే. అడవి ఉత్పత్తులు సేకరించుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. ఆ హక్కు కాగితం మీద ఉంది, అనుమానం మాత్రం లైటు మీద పడుతుంది. మన అవసరానికి తగిన వెలుగే పెట్టుకుంటే మనకూ మేలు, జంతువులకూ మేలు.

తేనె సంగతి మన పెద్దోళ్లకు తెలిసినంత ఏ కంపెనీకీ తెలియదు. రాతికొండల పెద్ద తేనె రేతిరి పూట దించుతారు. అప్పుడు తెల్ల లైటు కొడితే ఈగలు లైటు మీదికే వస్తాయి. తేనెటీగ కంటికి ఎరుపు కనిపించదు. లైటు అద్దం మీద ఎర్ర గాజు కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు కట్టినా పని జరుగుతుంది. ఎర్ర మోడ్ ఉన్న లైటుకు ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

"వీధిలైట్లు అడగాల గానీ టార్చి ఏంది?"

ఈ మాట తప్పకుండా వస్తుందని నాకు తెలుసు. కొందరన్నలు అంటారు, "మనం కరెంటు, రోడ్డు, సెల్ టవర్ అడగాల. టార్చి అడిగితే మన స్థాయి మనమే తగ్గించుకున్నట్టు." ఆ కోపంలో న్యాయం ఉంది. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం చెంచుల్లాంటి ఆదిమ తెగల కోసమే. ఇండ్లు, రోడ్లు, కరెంటు, మొబైల్ సిగ్నల్ అన్నీ అందులో ఉన్నాయి. అవి మన గూడేనికి ఎంతవరకు వచ్చినాయో లెక్క అడగాల్సిందే. టార్చి ఇచ్చినాం కదా అని కరెంటు స్తంభం ఎగ్గొడితే ఒప్పుకోకూడదు.

కానీ వీధిలైటు గూడెం చివర ఆగిపోతుంది. మన పని అక్కడే మొదలవుతుంది. చేను, వాగు, అడవి దారి, బస్సు దిగి నడిచే మట్టి బాట, వీటికి ఏ స్తంభమూ రాదు. పైగా స్తంభం వచ్చేదాకా పాము ఆగదు. పెద్ద అడుగు అడుగుతూనే చిన్న అడుగు కూడా వేయాల.

ఇది కుదిరే పనేనా అంటే, వేరే చోట జరిగింది. 2016 చివర్లో కేంద్ర ప్రభుత్వం ఐఐటీ బొంబాయితో కలిసి 70 లక్షల సోలార్ చదువు దీపాల పథకం పెట్టింది. అస్సాం, బీహార్, జార్ఖండ్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ పిల్లలకు. విద్యార్థి కట్టేది 100 రూపాయలు, మిగతాది ప్రభుత్వం. నాకు నచ్చింది ధర కాదు. ఆ దీపాలను బిగించింది, బాగుచేసింది అక్కడి పల్లె మనుషులే, వాళ్లకు శిక్షణ ఇచ్చి చేయించినారు. దీపం ఇచ్చి చేతులు దులుపుకోలేదు. ఆ జాబితాలో మన రాష్ట్రం లేదు. మనం ఎందుకు అడగకూడదు?

నేను అనుకుంటున్న అడగాల్సినవి ఇవి.

మొదటిది, ఎస్టీ హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో చేరే ప్రతి పిల్లకు, పిల్లోడికి ఒక లైటు. సెల్లు మార్చుకోగలిగేది, యూఎస్‌బీ చార్జింగ్‌ది, నీళ్లకు ఆగేది. ఈ మూడు షరతులు టెండర్‌లో రాసి ఉండాల. లేకపోతే మళ్లీ ఆరు నెలల సరుకే వస్తుంది.

రెండోది, గిరిజన సహకార సంస్థ డిపోల్లో మంచి లైట్లు, వాటి సెల్లులు, రబ్బరు వలయాలు పెట్టాల. 1956 నుంచి మన తేనె, మన అటవీ ఉత్పత్తులు కొంటున్న సంస్థ అది. మన సరుకు తీసుకునే చోటే, ఆ డబ్బులోంచి నెలకు 100 చొప్పున పట్టుకుని లైటు ఇస్తే, ఒకేసారి వెయ్యి తీయలేని ఇంటికి కూడా మంచి లైటు చేరుతుంది. పైన మందు రాస్తానన్నది ఇదే.

మూడోది, చచ్చిన సెల్లులు వెనక్కి తీసుకునే డబ్బా. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల బాధ్యత తయారుచేసే కంపెనీలది. మన వాగుల్లో పారేయడానికి కాదు. హాస్టల్లో ఒక డబ్బా, డిపోలో ఒక డబ్బా పెడితే చాలు.

అర్జీ రాయడానికి నేను సిద్ధం. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు ఒకటి, శ్రీశైలం ఐటీడీఏకు ఒకటి ఇద్దాం. సుగాలి తండాల వాళ్లు, ఎరుకల, యానాది తమ్ముళ్లు చెల్లెళ్లు కూడా మీ ఊర్ల పరిస్థితి రాయండి. ఒక గూడెం సమస్య అంటే పక్కన పెడతారు, ఇరవై ఊర్ల సంతకాలు ఉంటే చదువుతారు.

ఈలోపు మనం చేసుకోగలిగింది కూడా ఉంది. మా హాస్టల్ గదిలో ఆరుగురం నెలకు తలా 50 వేస్తున్నాం. మూడు నెలలకొక మంచి లైటు, వరుసలో ఒకరింటికి. చీటీ పాట లాంటిదే, నష్టం లేనిది. మొదటి లైటు ఎవరింటికి అని చీటీ తీయలేదు. ఎవరింట్లో ఆడోళ్లు ఎక్కువుండి, మరుగుదొడ్డి దూరంగా ఉందో వాళ్లింటికే అని అందరం ఒప్పుకున్నాం.

ఇక తమ్ముడూ, నువ్వు అడిగిన దానికి నా జవాబు: ఆ 9900ది కొనొద్దు. ఆ డబ్బు దాచిపెట్టు, ఇంకొంచెం కలుపు, పైన రాసినవి చూసుకుని సెల్లు మార్చుకోగలిగేది కొను. బిల్లు తీసుకో, వారంటీ కాగితం అమ్మ దగ్గర పెట్టు. లైటు కూడా అమ్మ దగ్గరే పెట్టు. నాయన దగ్గరున్న పాతదానికి ఎల్‌ఈడీ బల్బు వేయించు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు కదా. వానలు మొదలు కాకముందే ఈ పని చూసుకుందాం. మీ ఇంట్లో ఎన్ని లైట్లున్నాయి, అవి ఎవరి దగ్గర ఉంటాయి, ఈ రెండు ముక్కలు కింద రాయండి. అర్జీలో ఆ లెక్కే ముందు పెడదాం.